సముద్రం మీద కట్టిన కథలు

నేను చేసిన తెలివితక్కువ పనుల్లో చాలావాటి నష్టం నాతోనే పోయింది. అప్పు ఇచ్చి పోగొట్టుకున్నవి, మాట తొందరపడి చెడగొట్టుకున్నవి ఎవరికైనా ఉంటాయి. వాటి గురించి రాయాల్సిన పని లేదు. ఇది మాత్రం రాయాలి. సముద్రంలో గల్లంతైన సైనిక విమానాల గురించి నేను ఏళ్ల తరబడి కథలు చెప్పాను. వాటిని నమ్మి చెప్పాను. బళ్లో పిల్లలకు చెప్పాను, టీ బడ్డీ దగ్గర పెద్దవాళ్లకు చెప్పాను. చివరికి అలాంటి విమానంలో తనవాళ్లు పోయిన మనిషి పక్కన కూర్చుని కూడా చెప్పాను.

విశాఖపట్నంలో ఒక హైస్కూల్లో సోషల్ మాస్టారిగా పనిచేశాను. అక్షాంశాలు, రేఖాంశాల పాఠం వచ్చిందంటే బోర్డు మీద అట్లాంటిక్ మహాసముద్రం గీసేవాణ్ణి. మయామీ ఒక చుక్క, బెర్ముడా ఒక చుక్క, ప్యూర్టోరికో ఒక చుక్క. మూడూ గీతలతో కలిపేసరికి వెనక బెంచీల వాళ్లు కూడా నిటారుగా కూర్చునేవారు. ఆ కుదురు చూసి నాకు గర్వంగా ఉండేది. ఇక కథ మొదలయ్యేది.

1945 డిసెంబరు 5. ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ నౌకాదళ స్థావరం నుంచి అయిదు అవెంజర్ బాంబర్లు పద్నాలుగు మందితో లేచాయి. మధ్యాహ్నం ఎండ, అలల్లేని సముద్రం, ఆరితేరిన పైలట్లు. ఉన్నట్టుండి దిక్సూచులన్నీ గిర్రున తిరగడం మొదలుపెట్టాయి. నాయకుడు రేడియోలో వణికే గొంతుతో చివరి మాటలు పలికాడు. తర్వాత నిశ్శబ్దం. వాళ్లను వెతకడానికి పదమూడు మందితో వెళ్లిన పెద్ద విమానమూ తిరిగి రాలేదు. ఆ చివరి మాటలు నేను గొంతు తగ్గించి, ఒక్కొక్క మాటా ఆపి ఆపి చెప్పేవాణ్ణి. సముద్రం వింతగా కనిపిస్తోందనీ, దిక్కులు తెలియడం లేదనీ, ఏదో తెల్లటి నీళ్లలోకి వెళ్తున్నామనీ. క్లాసు మొత్తం ఊపిరి బిగబట్టి వినేది.

ఆ మాటలు ఆ మనిషి అనలేదు. ఆ సాయంత్రం రేడియోలో వినపడిన సంభాషణలను అమెరికా నౌకాదళ విచారణ బోర్డు ఒకచోట చేర్చింది. అందులో ఆ వాక్యాలు లేవు. 1962లో ఒక అమెరికా పత్రికలో వచ్చిన వ్యాసంతో అవి ప్రచారంలోకి వచ్చాయి. చనిపోబోతున్న మనిషి నోట్లో ఎవరో పెట్టిన మాటలను నేను తెలుగులోకి తెచ్చి, అభినయం జోడించి, పిల్లలకు వినిపించాను. ఈ ఒక్కటి తలచుకుంటే ఇప్పటికీ నాకు ముఖం చెల్లదు.

నా కథలో తేదీ నిజం, ఊరు నిజం, ఇరవై ఏడు మంది పోవడం నిజం. మిగతాది చాలావరకు అల్లిక. ఆరితేరినవాడు ఒక్కడే, లెఫ్టినెంట్ చార్లెస్ టేలర్. మిగతా నాలుగు విమానాలూ నడిపింది ఇంకా శిక్షణలో ఉన్నవాళ్లు. వాతావరణం గంటగంటకూ పాడవుతూ వచ్చింది, సముద్రం రేగింది, చీకటి పడింది. ఆ రోజు శిక్షణ దారి తూర్పున బహామాస్ వైపు వెళ్లి, ఉత్తరానికి తిరిగి, మళ్లీ నైరుతిగా ఇంటికి రావడం. టేలర్ అంతకు ముందు మయామీలో పనిచేసి కొత్తగా ఫోర్ట్ లాడర్‌డేల్‌కు వచ్చాడు. ఫ్లోరిడాకు దక్షిణాన గొలుసులా పరుచుకున్న కీస్ దీవులు అతనికి బాగా తెలిసినవి. తిరుగు దారిలో కింద చిన్న చిన్న దీవులు కనిపించాయి. తన దిక్సూచులు రెండూ పనిచేయడం లేదనీ, తాము కీస్ మీద ఉన్నట్టున్నామనీ రేడియోలో చెప్పాడు.

అక్కడే ఉంది చిక్కంతా. కింద ఉన్నవి కీస్ అయితే ఇంటికి ఉత్తరంగా వెళ్లాలి. అవి బహామాస్ దీవులైతే పడమరకు వెళ్లాలి. అదే సమయంలో గాల్లో ఉన్న రాబర్ట్ కాక్స్ అనే మరో శిక్షకుడు అతని మాటలు విన్నాడు. కీస్ మీద ఉంటే సూర్యుణ్ణి ఎడమ రెక్క వైపు ఉంచుకుని తీరం వెంబడి పైకి రమ్మని చెప్పాడు. మంచి సలహా. అది తప్పు దీవుల మీద ఉన్నవాళ్లకు అందింది. ఉత్తరానికి వెళ్లినకొద్దీ వాళ్ల ముందు నేల లేదు, అట్లాంటిక్ ఉంది. నేల తగలకపోయేసరికి తాము గల్ఫ్ ఆఫ్ మెక్సికో వైపు వచ్చేశామనుకున్నాడు టేలర్, తూర్పుకు తిప్పాడు. పడమరకు వెళ్తే ఇల్లు చేరతామని శిక్షణలో ఉన్న ఒక కుర్రవాడు రేడియోలో అనడం నేల మీద ఉన్నవాళ్లకు వినిపించింది. నా క్లాసులో ఏనాడూ ఆ కుర్రవాడి ప్రస్తావన రాలేదు. అతను వస్తే కథ చప్పబడిపోతుంది.

దిక్సూచులు చెడడం కన్నా పెద్ద ప్రమాదం మనసులో స్థిరపడిపోయిన పటం. భూగోళం చెప్పే మాస్టారికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. ఒకే దీవుల గుంపును రెండు పటాల మీద పెట్టి చూపించి, ఎటు వెళ్తే ఏమవుతుందో పిల్లల చేతనే గీతలు గీయించవచ్చు. చీకటి పడే వేళకు రేడియో కేంద్రాలు వాళ్ల సంకేతాలను పట్టి, ఆ విమానాలు బహామాస్‌కు ఉత్తరాన, ఫ్లోరిడా తీరానికి తూర్పున ఉన్నట్టు లెక్కగట్టాయి. ఆ కబురు టేలర్‌కు చేరనే లేదు. అత్యవసర ఫ్రీక్వెన్సీకి మారమని అడిగితే, మారితే తన వెంట ఉన్న విమానాలతో మాట తెగిపోతుందని అతను మారలేదు. తను దారి తప్పినా వాళ్లను వదలకూడదనుకున్నాడు. ఇది నాకు తెలిశాక టేలర్ మీద జాలి కన్నా గౌరవం పెరిగింది. నా కథలో మాత్రం అతను బెదిరిపోయిన గొంతు, అంతే.

వెతకడానికి వెళ్లిన మారినర్ విమానం సంగతి ఇంకా ఘోరం. ఆ రకం విమానాలకు పైలట్లు పెట్టుకున్న పేరు ఎగిరే పెట్రోలు ట్యాంకు. లోపల ఇంధనపు ఆవిరి చేరేది, చిన్న నిప్పురవ్వ చాలు. రాత్రి 7 గంటల 27 నిమిషాలకు అది లేచింది. 7 గంటల 50 నిమిషాల ప్రాంతంలో గెయిన్స్ మిల్స్ అనే ఆయిల్ నౌక వాళ్లు సముద్రం మీద మంటలు చూశారు, తర్వాత నీళ్ల మీద నూనె తెట్టు చూశారు. ఇదంతా రికార్డుల్లో ఉంది. నేను ఆ నౌకను నా సముద్రంలోంచి తీసేశాను. తెలిసి కాదు. నేను చదివిన పుస్తకాల్లో అది లేదు, ఉన్నదో లేదో నేను వెతకలేదు.

ఇంతకీ ఈ అల్లిక ఎక్కడ మొదలైంది? విచారణ బోర్డు మొదట టేలర్ పొరపాటునే కారణంగా చూపింది. కొడుకు మీద ఆ మచ్చ ఉండకూడదని అతని తల్లి పోరాడింది. శవం దొరకలేదు, విమానం దొరకలేదు, ఏ ఆధారంతో నా కొడుకుదే తప్పంటారు అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. 1947లో నౌకాదళం తీర్పు మార్చింది, కారణం తెలియదని రాసింది. ఒక తల్లి దుఃఖాన్ని మన్నించి ఖాళీగా వదిలిన ఆ గడిలోకి తర్వాత ఊరూపేరూ లేని శక్తులన్నీ వచ్చి కూర్చున్నాయి. 1964లో విన్సెంట్ గ్యాడిస్ అనే రచయిత ఆర్గసీ పత్రికలో రాసిన వ్యాసంతో బెర్ముడా ట్రయాంగిల్ అన్న పేరు నిలబడింది. 1974లో చార్లెస్ బెర్లిట్జ్ పుస్తకం వచ్చి లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. అట్లాంటిస్ అన్నారు, గ్రహాంతరవాసులు అన్నారు, అయస్కాంత సుడి అన్నారు, సముద్రగర్భం నుంచి ఎగదన్నే వాయువు అన్నారు. మన వారపత్రికల్లోకి అవే వచ్చాయి. నేను పెరిగింది వాటి మీదే.

బెర్లిట్జ్ పుస్తకం వచ్చిన మరుసటి ఏడాదే, 1975లో, దానికి జవాబు వచ్చేసింది. లారీ కుషే అనే లైబ్రేరియన్ అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో కూర్చుని పాత పత్రికలు, వాతావరణ నివేదికలు, నౌకల రికార్డులు తెప్పించుకుని ఒక్కొక్క సంఘటననూ సరిచూశాడు. ప్రశాంతమైన సముద్రం అన్నచోట తుపాను ఉంది. మాయమైంది అన్న ఓడ వేరే సముద్రంలో మునిగింది. ఆయన తర్వాత ఈ అయిదు విమానాల గురించే విడిగా ఒక పుస్తకం రాశాడు. నాకు ఆయన పేరు తెలియక కాదు. తెలుసు. ఎవరో కొట్టిపారేశారట అని విన్నాను. కొట్టిపారేసేవాళ్లు ప్రతి దానికీ ఉంటారులే అనుకున్నాను. పిల్లలకు ఏ పాఠమైనా రెండు పుస్తకాలు చూసి చెప్పే అలవాటున్న నేను, దీనికి మాత్రం ఒక వైపు పుస్తకాలే చదివాను.

1991లో మరో సంగతి జరిగింది. పాత స్పానిష్ ఓడల నిధుల కోసం వెతుకుతున్న డీప్ సీ అనే నౌక, ఫోర్ట్ లాడర్‌డేల్‌కు దగ్గర్లోనే సముద్రం అడుగున అయిదు అవెంజర్లను కనుక్కుంది. లోకమంతా అవే అనుకుంది. తోకల మీది నంబర్లు చూస్తే అవి కావు. వేరే వేరే రోజుల్లో శిక్షణలో కూలిన వేరే విమానాలు. యుద్ధకాలంలో ఆ ఒక్క తీరంలో శిక్షణకు వెళ్లి పడిపోయిన విమానాలు అన్ని ఉన్నాయన్నమాట, ఒకచోట అయిదు పోగుపడి కనిపించేటన్ని! తలచుకుంటే గుండె బరువెక్కే విషయం. నేను దాన్ని కూడా నా కథకే తిప్పుకున్నాను. చూశారా, అయిదు దొరికినా అవి కావట, మరి అసలువి ఏమైనట్టు అని పిల్లలను అడిగేవాణ్ణి. నిప్పు లేనిదే పొగ రాదు అన్న సామెత ఆ పాఠం చివర ఎప్పుడూ ఉండేది.

ఇదంతా అక్కడితో ఆగి ఉంటే నా తెలివితక్కువతనం నా క్లాసు గోడల మధ్యే ఉండిపోయేది. 2016 జులై 22 తర్వాత అది బయటపడింది.

ఆ శుక్రవారం ఉదయం 8 గంటల 30 నిమిషాలకు చెన్నై పక్కన తాంబరం నుంచి వైమానిక దళానికి చెందిన ఏఎన్-32 రవాణా విమానం పోర్ట్‌బ్లెయిర్‌కు బయలుదేరింది. నంబరు కె-2743. లోపల ఇరవై తొమ్మిది మంది. 9 గంటల 12 నిమిషాల ప్రాంతంలో, తీరం నుంచి దాదాపు 280 కిలోమీటర్ల దూరాన, 23,000 అడుగుల ఎత్తు నుంచి ఎడమకు తిరిగి వేగంగా కిందికి జారుతున్నట్టు రాడార్ మీద కనిపించింది. ఆపైన ఏమీ కనిపించలేదు. ఆ ఇరవై తొమ్మిది మందిలో ఎనిమిది మంది మా విశాఖపట్నం వాళ్లు, నేవల్ ఆర్మమెంట్ డిపో సివిలియన్ ఉద్యోగులు. ఆయుధాల పని మీద పోర్ట్‌బ్లెయిర్ వెళ్తున్నవాళ్లు.

ఈ ఊళ్లో ఎన్ఏడీ అంటే ఒక జంక్షన్. బస్సు కండక్టర్లు ఎన్ఏడీ, ఎన్ఏడీ అని అరుస్తారు, దిగేవాళ్లు దిగుతారు. ఆ మూడక్షరాల వెనక ఒక డిపో ఉందనీ, అందులో పొద్దున్నే టిఫిన్ క్యారేజీ పట్టుకుని వెళ్లి తుపాకులు, టార్పీడోలు బాగుచేసి సాయంత్రం ఇంటికొచ్చే మనుషులున్నారనీ నాలాంటివాళ్లకు ఎప్పుడూ గుర్తుకు రాదు. ఆ వారం గుర్తుకొచ్చింది. టీవీల్లో ఆ ఇళ్లు చూపించారు.

నేవీ ఓడలు, కోస్ట్‌గార్డ్ ఓడలు, విమానాలు, ఒక జలాంతర్గామి వెతకడానికి వెళ్లాయి. తేలుతూ కనిపించిన ప్రతి చెత్తా విమానం ముక్కేనేమో అని చూశారు, కాలేదు. ఒక్కరోజు, రెండు రోజులు, వారం. అంతకు రెండేళ్ల ముందే, 2014 మార్చి 8న, మలేషియా ప్రయాణికుల విమానం ఎంహెచ్ 370 మాయమై ఉంది. అది గుర్తొచ్చిందంటే చాలు, తలా ఒక కథ. హైజాక్ చేసి దీవిలో దించేశారన్నారు. లోపల బాంబు పెట్టారన్నారు. పొరుగు దేశం పనన్నారు. తప్పిపోయినవాళ్లలో ఒకరి ఫోన్ మోగుతోందన్న వార్త వచ్చింది. ఆ వార్తతో అన్ని కథలకూ రెక్కలొచ్చాయి.

నేను వాటికి పెద్దన్ననయ్యాను. ఇన్నేళ్లుగా చెప్పిన కథకు మన సముద్రంలోనే ఉదాహరణ దొరికింది కదా! సాయంత్రం నడకకు వెళ్లి వచ్చి జంక్షన్ దగ్గర టీ బడ్డీ బెంచీ మీద కూర్చుంటే చుట్టూ నలుగురు చేరేవారు. బంగాళాఖాతంలో కూడా ఒక బెర్ముడా ఉందని చెప్పాను. 1945 నాటి అయిదు విమానాల కథ మొత్తం చెప్పాను, గొంతు తగ్గించి, చివరి మాటలతో సహా. ఫోన్ మోగుతోందంటే అది నీళ్లలో లేనట్టే కదా అని తర్కం కూడా తీశాను.

బెంచీకి ఆ చివర ఒక పెద్దాయన టీ తాగుతూ వింటున్నారు. నాకు ముఖపరిచయమే. డిపోలో చేసి రిటైరయ్యారని ఎవరో చెప్పగా విన్నాను, ఆ క్షణంలో అది నా బుర్రలో లేదు. గ్లాసు కింద పెట్టి అడిగారు.

"మాస్టారూ, మీరెప్పుడైనా ఆ ఏఎన్ ముప్పై రెండులో ఎక్కేరా?"

లేదన్నాను.

"నేను ఎక్కేను. మా డ్యూటీ మీద పోర్ట్‌బ్లెయిర్ పంపేవోరు. అందులో మీరనుకునే సీట్లుండవండి. గోడవారన బల్లలుంటాయి, ఎదురెదురుగా కూర్చోవాలి. మధ్యలో సామాను కట్టేస్తారు. చెవుల్లో దూది పెట్టుకోకపోతే దిగేక రెండు గంటల వరకు ఏటీ వినబడదు. పక్కోడితో మాటాడాలంటే అరవాలి. కాబట్టి ఎవలూ మాటాడరు. ఎదురుగా కూర్చున్నోడి మొహం చూసుకుంటూ కూర్చుంటాం."

ఎవరూ ఏమీ అనలేదు. ఆయనే మళ్లీ అన్నారు.

"వర్షాకాలం మబ్బులోకెళ్తే అది ఎత్తి కుదేస్తాదండి. అలాటప్పుడు నాకు ఇంటికాడ పిల్లలే గుర్తొచ్చేవోరు. ఇప్పుడెల్లినోళ్లు మా డిపో పిల్లలు. ఆ ఇళ్లకెళ్లి వచ్చేను. ఫోను మోగతందంట, ఎక్కడో బతికున్నారంట అని చెప్పుకుంటన్నారు. మీలాటి చదువుకున్నోళ్లు కూడా అదే మాటంటే, ఆళ్లు ఇంకెప్పుడు ఏడుస్తారు మాస్టారూ?"

ఆయన కోపంగా అనలేదు. నిజంగానే అడిగారు. జవాబు నా దగ్గర ఉంటుందేమో అన్నట్టు నా వైపు చూశారు. నేను ఏదో సర్దబోయాను, ప్రజలు అనుకుంటున్నదే చెప్పానన్నాను. టీ డబ్బులిచ్చి లేచి వచ్చేశాను. క్షమించమని అడగాలన్న బుద్ధి కూడా అప్పుడు కలగలేదు. చాలా రోజుల తర్వాత ఆయన ఇల్లు కనుక్కుని వెళ్లి అడిగాను. ఆయన నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు.

ఫోన్ సంగతి తర్వాత తెలుసుకున్నాను. మనం ఫోన్ చేసినప్పుడు మన చెవిలో వినపడే గంట అవతలి ఫోన్‌ది కాదు, మన నెట్‌వర్క్ మనకు వినిపించేది. అవతలి ఫోన్ ఎక్కడుందో వ్యవస్థ వెతుకుతుండగా కూడా అది వినిపించవచ్చు. ఈ చిన్న విషయం తెలుసుకోవడానికి నాకు ఒక్క సాయంత్రం పట్టింది. అది తెలియకుండా నేను తర్కం చేసింది ఆ ఇళ్లకు కూతవేటు దూరంలో కూర్చుని.

నేను ఎందుకలా చేశాను? చెడ్డ ఉద్దేశంతో కాదు. ఆ మనుషుల మీద నిర్లక్ష్యంతోనూ కాదు, టీవీలో ఆ ఇళ్లు చూసి నా కళ్లూ చెమర్చాయి. నాకు తోచిన కారణం ఒకటే. ఈ రకం కథల్లో మనుషులు ఉండరు. త్రిభుజం ఉంటుంది, సుడి ఉంటుంది, దీవి ఉంటుంది, రహస్య శక్తి ఉంటుంది. ఎదురెదురు బల్లల మీద చెవుల్లో దూదితో కూర్చున్నవాళ్లు ఉండరు. వాళ్లను ఒక్కసారి ఊహించుకుంటే ఆ కథ నోట రాదు. అందుకే నేను వాళ్లను ఊహించుకోలేదు. మనిషి లేని కథ ఎంతైనా సాగుతుంది.

నైరుతి రుతుపవనాల పాఠం చెప్పేటప్పుడు అదే బోర్డు మీద క్యుములోనింబస్ మేఘాన్ని గీసేవాణ్ణి. అడుగున నల్లగా, పైన దాగలి ఆకారంలో పరుచుకుని, లోపల ఒకేసారి పైకీ కిందికీ గాలులు, మంచు, మెరుపులు. జులైలో బంగాళాఖాతం మీద అవి లేచి నిలబడతాయని నేనే చెప్పేవాణ్ణి. అయినా ఆ విమానం పోయిన రోజున నా చూపు బెర్ముడా వైపు పోయింది గానీ, నేను గీసిన మేఘం వైపు పోలేదు. మేఘమే కూల్చిందని ఇప్పుడు తేల్చి చెబితే మళ్లీ పాత తప్పే చేసినట్టవుతుంది. అది ఎందుకు పడిందో ఎవరూ నిర్ధారించలేదు. కుట్ర జరిగి ఉండే అవకాశం చాలా తక్కువని అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ పార్లమెంటులో చెప్పారు. నేను అనేది ఇంతే. వాతావరణం, యంత్రం, మనిషి పొరపాటు, ఈ మూడూ నా కళ్లెదుటే ఉన్నాయి. వాటిని దాటుకుని వెళ్లి నాలుగోదాన్ని ఎత్తుకున్నాను.

పెద్దాయనతో పరిచయం పెరిగాక ఒకరోజు ఆయనే ఇంకో ప్రశ్న వేశారు. ముందు ఏడాది కోస్ట్‌గార్డ్ విమానాన్ని నీళ్లలో పట్టుకున్నారు కదా, దీన్నెందుకు పట్టుకోలేకపోతున్నారు అని. ఇన్నాళ్లూ నేను అడగాల్సిన ప్రశ్న అది. వెళ్లి చదివాను. 2015 జూన్ 8 రాత్రి కోస్ట్‌గార్డ్ డోర్నియర్ ముగ్గురితో తమిళనాడు తీరంలో మాయమైంది. దానికి నీటి అడుగున పనిచేసే లొకేటర్ బీకన్ ఉంది. అరచేతిలో ఇమిడే లోహపు గొట్టం. నీళ్లు తగలగానే దానంతటదే మొదలై, 37.5 కిలోహెర్ట్జ్ దగ్గర, మన చెవికి వినపడని శబ్దాన్ని సెకనుకొకసారి, సుమారు నెల రోజులు కొడుతుంది. నౌకాదళ జలాంతర్గామి ఐఎన్ఎస్ సింధుధ్వజ్ ఆ శబ్దాన్ని పట్టుకుంది. తర్వాత ఒలింపిక్ కాన్యన్ అనే నౌక నుంచి దించిన యంత్రం, చిదంబరం తీరానికి ఆవల దాదాపు 1,000 మీటర్ల లోతులో శిథిలాలను కనుక్కుంది. రికార్డర్ పైకి వచ్చింది. నెల దాటింది గానీ దొరికింది.

ఏఎన్-32కు అలాంటి బీకన్ లేదు. అందులో ఉన్న అత్యవసర ట్రాన్స్‌మిటర్లు రేడియో తరంగాలు పంపేవి. ఉప్పునీళ్ల అడుగు నుంచి రేడియో తరంగం పైకి రాదు. వారం వారం వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటే విమానానికి, మునిగితే పిలిచే గొంతు లేదు. అదీ అసలు విషయం. ఊరంతా అడగాల్సింది, పత్రికలకు రాయాల్సింది అది. నేను సాయంత్రాల తరబడి మాట్లాడాను గానీ, ఆ బెంచీ మీద ఈ మాట ఒక్కసారీ నా నోట రాలేదు. నాలాంటి వాళ్లమంతా కలిసి హైజాక్ గురించీ సుడుల గురించీ మాట్లాడుతుంటే, బీకన్ గురించి అడిగే గొంతు ఎవరికి వినపడుతుంది? కథలు చెప్పినందువల్ల కలిగే నష్టం అక్కడుంది.

2016 సెప్టెంబరులో ఆ ఇరవై తొమ్మిది మందినీ మరణించినట్టుగా భావిస్తున్నామని వైమానిక దళం కుటుంబాలకు రాసింది. ఏడేళ్లు గడిచాయి. 2024 జనవరి 12న రక్షణ శాఖ ప్రకటన వెలువడింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ల స్వయంచాలిత జలాంతర వాహనం చెన్నై తీరానికి సుమారు 140 నాటికల్ మైళ్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున, సోనార్‌తోనూ కెమెరాతోనూ చిత్రాలు తీసింది. అందులో కనిపించిన శకలాలు ఏఎన్-32వేనని సరిచూశారు. ఆ ప్రాంతంలో వేరే ఏ విమానమూ గల్లంతైన దాఖలా లేదు. మన ఏజెన్సీలోని అరమ కొండ ఎత్తు 1,680 మీటర్లు. అలాంటివి రెండు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా ఆ నీళ్లలో మునిగిపోతాయి. అంత లోతున, మనిషి లేని ఒక యంత్రం నేలబారుగా గీతలు గీసుకుంటూ వెళ్లి ఆ శకలాలను కనుక్కుంది. రాడార్ చివరిసారి చూసిన పరిసరాల్లోనే ఉంది ఆ విమానం. ఏ దీవికీ పోలేదు, ఎవరూ ఎత్తుకుపోలేదు.

ఆ ప్రకటన పట్టుకుని పెద్దాయన దగ్గరకు వెళ్లాను. చదివి వినిపించమన్నారు, వినిపించాను. లోతు దగ్గర మళ్లీ చదవమన్నారు. ఆ తర్వాత, "ముందు కూడా ఒకటి పోనాది మాస్టారూ. ఎనభై ఆరులో. ఇదే రకం. దానికేటైంది?" అని అడిగారు.

నాకు తెలియదు. సముద్రంలో మాయమైన విమానాల మీద ఇన్నేళ్లు మాట్లాడిన నాకు ఆ సంగతే తెలియదు. చదివితే తెలిసింది. 1986 మార్చి 25న సోవియట్ యూనియన్ నుంచి మనకు కొత్తగా వస్తున్న ఏఎన్-32 మస్కట్ నుంచి జామ్‌నగర్‌కు బయలుదేరి అరేబియా సముద్రం మీద మాయమైంది. ఏడుగురున్నారు. ముక్క కూడా దొరకలేదు. దాని మీద బెర్లిట్జ్‌లు పుస్తకాలు రాయలేదు, సినిమాలు రాలేదు, నేను బోర్డు మీద గీయలేదు. కథ లేదు కాబట్టి దాని ఊసే లేదు.

వాళ్ల ఇళ్లలో ఆనాటి పిల్లలు ఇవాళ నడివయసు దాటి ఉంటారు. బంగాళాఖాతంలో 3,400 మీటర్ల అడుగున గాలించిన యంత్రం మన దగ్గరే ఉంది, దాన్ని నడిపే ఇంజనీర్లూ మనవాళ్లే. దాన్ని ఒకసారి అరేబియా సముద్రంలోనూ దింపమని రక్షణ శాఖకు ఉత్తరం రాశాను. పెద్దాయన పక్కన కూర్చుని రాయించారు, తనూ సంతకం పెట్టారు. జవాబు రాలేదు. మళ్లీ రాస్తాం.